రెండు తలుపుల సూపర్ మార్కెట్

ప్రొద్దుటూరులో మా వీధి మూలన ఉండిన సూపర్ మార్కెట్‌ను కూలగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. చుట్టూ రేకులు పాతి, వాటి మీద ఇల్లంత బోర్డు ఒకటి నిలబెట్టారు. లిఫ్టు ఉంటుందట, పిల్లలకు పచ్చగడ్డి ఉంటుందట, నూటికి నూరుపాళ్లూ వాస్తు ప్రకారమేనట. అన్నిటికంటే పైన ఇద్దరు పెద్దమనుషులు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకొని పళ్లన్నీ కనిపించేటట్టు నవ్వుతున్నారు. వాళ్ల కొడుకులిద్దరూ ఈ కట్టడంలో భాగస్తులు. ఆ నవ్వేదో కాస్త ముందే నవ్వి ఉంటే మా ఇంట్లో సగం ఏడుపు తప్పేది.

బొమ్మలో ఎడమ వైపున్నాయన మా నాయన కొలిచిన నాయకుడు. కుడి వైపున్నాయన మా చిన్నాయన, అంటే మా అమ్మ చెల్లెలి భర్త, కొలిచిన నాయకుడు. ఎవరి నాయకుణ్ణి వాళ్లు ‘అన్న’ అనేవాళ్లు. వయసులో ఎడమ వైపాయన మా నాయన కంటే చిన్న. అయినా అన్నే. సుమో దిగినవాళ్లంతా అన్నలే ఆ కాలంలో.

మా నాయన నూనెమిల్లులో గుమాస్తా. చిన్నాయనది పులివెందుల పక్క పల్లె, ఇక్కడ లారీల షెడ్డులో మెకానిక్కు. ఇద్దరి మధ్యా పొలం గట్టు తగాదా లేదు, తగాదా పడటానికి ఎవరికీ గట్టే లేదు. జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో ఒకే ఇంటి అక్కాచెల్లెళ్లను చేసుకొని, ఆదివారం ఒకే చర్చిలో ఒకే బల్ల మీద కూర్చొని పాటలు పాడుకున్న తోడల్లుళ్లు. అట్లాంటివాళ్లు ఒక ఎలక్షన్లో ఒకే పోలింగ్ బూత్‌లో చెరో పార్టీ ఏజెంట్లుగా కూర్చున్నారు. మధ్యాహ్నానికి బయట రాళ్లు లేచాయి. గోడ పక్కన నాటుబాంబు పేలి చిన్నాయనకు ఒక చెవి పోయింది.

మా నాయన జన్మలో టపాకాయ కూడా ముట్టించి ఎరగడు. అయినా సాయంత్రానికి అవతలి అన్న చెప్పిన పేర్లతో ఒక కేసు తయారైంది, అందులో మా నాయన ముద్దాయి. తెల్లారేసరికి మా అన్న చెప్పిన పేర్లతో ఇంకో కేసు తయారైంది, అందులో చెవి పోయిన చిన్నాయన ముద్దాయి. బాంబు వేసినవాడి పేరు రెండిట్లోనూ లేదు. ఆబోతుల కొట్లాటలో లేగదూడల కాళ్లు విరిగినట్టు అంటారు కదా, లేగలకైనా కాలు విరిగాక దూరం జరగాలన్న బుద్ధి ఉంటుంది. మావాళ్లు ఇంకా దగ్గరికి పోయి నిలబడ్డారు.

వర్గాల్లో ఉన్నవాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. పగపడ్డ ఇంటి గడప తొక్కరు. ఆ ఇంటి నీళ్లు తాగరు, ఆ ఇంటి ఉప్పు తినరు. భూములూ బంగళాలూ ఉన్నవాళ్లు పెట్టుకున్న కట్టుబాటు అది. గుమాస్తాకు ఎందుకు? కానీ మా నాయనకు అది మెడలో పతకం లాగా కనిపించింది. ఒట్టు పెట్టుకోవద్దని ప్రతి ఆదివారం పాస్టరుగారు చెప్పేదాన్ని తలవంచి విన్న మనిషే, అమ్మ చేతిని బలవంతంగా నా నెత్తి మీద పెట్టించాడు.

“నీ చెల్లెలి గడప తొక్కనని, ఆ ఇంటి నీళ్లు తాగనని, ఆ యమ్మను ఈ ఇంట్లోకి రానియ్యనని చెప్పు. పాప తల మీద చెప్పు” అన్నాడు.

అమ్మ చెప్పింది. నేను అప్పుడు జడలకు రిబ్బన్లు కట్టుకొనే పిల్లను. నా తల మీద జరిగే వ్యవహారంలో నన్ను ఎవరూ ఒక మాట అడగలేదు. అవతలి వీధిలో మా చిన్నమ్మతో కూడా చిన్నాయన ఇట్లాగే చెప్పించాడట. తోడల్లుళ్లకు చివరిసారి ఏకాభిప్రాయం కుదిరింది దీంట్లోనే. చిన్నాయన వాళ్లు చర్చి కూడా మార్చేశారు.

సూపర్ మార్కెట్ రెండు వీధులు కలిసే మూలన ఉండేది. కట్టించిన శెట్టిగారు గాలి కోసమని ఒక్కో వీధికీ ఒక అద్దాల తలుపు పెట్టించాడు. పాపం, ఆయనకు గాలి తప్ప వేరే ఉద్దేశం లేదు. వర్గాలు ముదిరేసరికి మా వీధి తలుపు మా అన్న తలుపు అయింది, అవతలి వీధి తలుపు అవతలి అన్న తలుపు అయింది. ఈ తలుపున పోయినవాళ్లు ఆ తలుపున బయటికి రాకూడదు. పొరపాటున వస్తే, ఏం పార్టీ మారినావా అని టీ అంగడి దగ్గర అడిగేవాళ్లు. సేమ్యా ప్యాకెట్టు కొనడానికి కూడా పార్టీ చూసుకోవలసిన ఊరు మాది.

అయితే ఆ అంగట్లో మగవాళ్లు అడుగు పెట్టేవాళ్లు కాదు. తీగబుట్ట చేతికి తగిలించుకొని పప్పులు ఏరుకోవడం మీసాలకు నామోషీ. బయట తలుపుల దగ్గర కాపలా కాశారు కానీ, లోపల రెండు తలుపులూ ఒకే గదిలోకి తెరుచుకుంటాయన్న సంగతి ఆ మహావీరులకు తట్టలేదు. మా అమ్మకు తట్టింది.

శనివారం సాయంత్రం అమ్మ నన్ను వెంటబెట్టుకొని మా తలుపున లోపలికి పోయేది. చిన్నమ్మ ఆ తలుపున వచ్చేది. మధ్యలో సబ్బుల రాక్ ఉండేది, మనిషి కంటే ఎత్తు. దాని ముందు ఇద్దరూ పక్కపక్కన నిలబడేవాళ్లు. అద్దాల్లోంచి వీధిలోవాళ్లకు కనిపిస్తుంది కాబట్టి ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కాదు. ఇద్దరి చూపూ సబ్బుల మీదే. పెదవులు మాత్రం కొంచెంగా కదిలేవి.

“ఏం మ్మే, తలనొప్పి తగ్గిందా?” అని అమ్మ బట్టల సబ్బును అడిగేది.

“యాడ తగ్గుతాది అక్కా, ఆ మనిషికి ఒక చెవు వినపడక నాకు గొంతు పోతాండాది” అని చిన్నమ్మ వంటి సబ్బుకు చెప్పేది.

నాకు నవ్వు వచ్చేది. అమ్మ నా కాలు తొక్కేది.

అమ్మ లెక్క ఏమిటంటే, అంగడి ఎవరి ఇల్లూ కాదు కాబట్టి గడప తొక్కినట్టు కాదు. ఇంట్లో వండింది ఏదీ ఇవ్వకూడదు, అది ఇంటి ఉప్పు. అంగట్లో ఉన్న సరుకు అయితే తప్పు లేదు. అందుకని క్రిస్మస్ ముందు ఇద్దరూ కలిసి బెల్లం, శనగపప్పు ఏరుకొని, మా అవ్వ చేసే ఓళిగలను, అంటే బొబ్బట్లను, ఒకే రోజు చెరో ఇంట్లో చేసేవాళ్లు. తర్వాతి శనివారం రాక్ ముందు నిలబడి నీకెట్లా వచ్చాయంటే నీకెట్లా వచ్చాయని చెప్పుకునేవాళ్లు. అక్క చేతివి చెల్లెలు, చెల్లెలి చేతివి అక్క తినే యోగం మాత్రం లేదు. అక్కాచెల్లెళ్లు వంటను చెవులతో రుచి చూసుకోవలసి రావడం ఏ నాయకుడి మేనిఫెస్టోలో ఉందో నాకు తెలియదు.

శెట్టిగారు అన్నీ కనిపెట్టాడు. అంగట్లో రాక్‌లన్నీ ఎన్నిసార్లు అటూ ఇటూ మార్చినా సబ్బులది మాత్రం కదిలించనివ్వలేదు. ఎవరో వచ్చి, ఆ ఇద్దరు ఆడోళ్లు మాట్లాడుకుంటాండారా అని అడిగితే, “సబ్బులు చూస్తాండారప్పా, మీరూ ఒకటి కొనుక్కోండి, పనికొస్తాది” అన్నాడట.

చిన్నాయన గుండెపోటుతో పోయినప్పుడు మా నాయన అమ్మను పోనివ్వలేదు. శవం పెట్టె ఆ వీధిలో పోతుంటే అమ్మ సూపర్ మార్కెట్లో నిలబడి, అవతలి అద్దాల్లోంచి చూసింది. మా నాయన ఇంట్లో గోడకు తిరిగి పడుకున్నాడు. బాధపడ్డాడని నాకు తెలుసు. తెలిసినా నాకు ఆయన మీద జాలి కలగలేదు, ఇప్పటికీ కలగడం లేదు. ఆ తర్వాత చాలా శనివారాలకు చిన్నమ్మ తెల్లచీరలో వచ్చింది. అమ్మ ఒక సబ్బు తీసి వాసన చూసి చెల్లెలి చేతికి ఇచ్చింది. చిన్నమ్మ వాసన చూసి మళ్లీ రాక్‌లో పెట్టేసింది.

నేను పెద్దదాన్నై వేంపల్లెలో టీచరుగా చేరి, బదిలీ మీద మళ్లీ ప్రొద్దుటూరికి వచ్చేసరికి అన్నలిద్దరూ ఒకే పార్టీలో ఉన్నారు. ఎప్పుడు రాజీ అయ్యారో, ఎవరింట్లో అయ్యారో మాకెవరికీ కబురు లేదు. గన్‌మెన్లు మాత్రం ఇద్దరికీ అట్లాగే ఉన్నారు, ఇక ఎవరి నుంచి కాపాడుతున్నారో వాళ్లకే తెలియాలి. కేసులు గాలికి పోయాయి. మా నాయన ఒట్టు మాత్రం పోలేదు. చింత చచ్చినా పులుపు చావలేదు.

“వాళ్లంటే పెద్దోళ్లు, వాళ్లకు రాజకీయం ఉంటాది. మనకుండేది మాట ఒకటే” అనేవాడు.

ఆ మాట ఎవరిచ్చారు, ఎవరి నోటితో ఇప్పించారు అని అడిగితే కండువా దులిపి భుజాన వేసుకొనేవాడు.

శెట్టిగారు పోయాక కొడుకులు అంగడి అమ్మేశారు. రాక్‌లన్నీ లారీకెక్కాయి. అమ్మకూ చిన్నమ్మకూ నిలబడటానికి చోటు లేకుండా పోయింది. నా సెల్‌ఫోన్లో కలిపి ఇచ్చాను. బాగుండావా అంటే బాగుండావా అని ఇద్దరూ అరుచుకున్నారు, ఇంకేం చెప్పాలో తెలియక అమ్మ ఫోను నా చేతికి ఇచ్చేసింది. నెలలు గడిచాయి. శనివారం సాయంత్రం అయ్యేసరికి అమ్మ చీర మార్చుకొని, బుట్ట పట్టుకొని, గుర్తొచ్చి మళ్లీ కూర్చొనేది. చెల్లెలి ఇల్లు మా మిద్దె మీదికి ఎక్కితే కనిపిస్తుంది. మోకాళ్లు సహకరించని మనిషి రోజూ మిద్దె ఎక్కడం మొదలుపెట్టింది.

భూమిపూజ రోజున మా నాయనకు పిలుపు వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకొని, పిల్లలు బడి ఫొటోకు పోయినట్టు పోయాడు. అమ్మా నేనూ మిద్దె మీదినుంచి చూస్తున్నాం. సూపర్ మార్కెట్ నేల మీది కడప బండలు ఇంకా పెరకలేదు. వాటి మీదే షామియానా, వాటి మీదే సోఫాలు. అన్నలిద్దరూ దండలు మార్చుకున్నారు. తర్వాత కాఫీలు వచ్చాయి. అవతలి అన్న తన చేత్తో ఒక గ్లాసు తీసి మా నాయనకు అందించాడు. మా నాయన లేచి నిలబడి, నడుము వంచి, రెండు చేతులతో అందుకున్నాడు. నిలబడే తాగాడు. తాగి గ్లాసు కళ్లకద్దుకోవడం ఒక్కటే తక్కువ.

అమ్మ మెట్లు దిగి కింద వాకిట్లో కూర్చుంది. నాయన వచ్చాడు.

“కాఫీ బాగుండెనా?” అంది అమ్మ.

“పెద్దాయన తన చేత్తో ఇస్తే కాదంటే ఏం బాగుంటాది?”

“నా చెల్లెలి ఇంటి నీళ్లు కాదంటే బాగుండెనా మరి? దాని మొగుడు పోతే పోనియ్యకపోతివి. దాని చెయ్యి పట్టుకోనియ్యకపోతివి. ఆయప్ప ఇచ్చిన కాఫీకి ఏ ఒట్టూ లేదు గదా నీకు.” అమ్మ గొంతు లేపలేదు. చెప్పులు వేసుకుంది. “నేను పోతాండా.”

“పాప తల మీద పెట్టిన ఒట్టు!” అన్నాడు నాయన.

“నా తలకేం కాలేదు నాయనా, నెరిసిందంతే” అన్నాను నేను. అని అమ్మ వెంట నడిచాను.

బోర్డు కింది నుంచి, ఆ ఇద్దరి పళ్ల కింది నుంచి, అవతలి వీధికి తిరిగాం. చిన్నమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చేట కింద పెట్టి లేచి నిలబడింది. అమ్మ గడప దగ్గర ఒక క్షణం ఆగి, గోడ పట్టుకొని, కాలు లోపల పెట్టింది. చిన్నమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. అమ్మ చెంబు ఎత్తి చివరి చుక్క దాకా తాగింది, ఇద్దరూ ఏడ్చారు. ఇక తెల్లారేదాకా మాటలే అనుకున్నాను నేను.

ఫ్యాను కింద రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి కూర్చోబెట్టాను. అమ్మ చెల్లెలి మొహం చూసింది, తల దించుకుంది. చిన్నమ్మ అమ్మ మొహం చూసి కొంగు సర్దుకుంది.

“ఎండలు శానా ఎక్కువుండాయి” అంది అమ్మ.

“ఔ కా, శానా” అంది చిన్నమ్మ.

అంతే. పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల లాగా కూర్చున్నారు. అమ్మ చీర అంచును వేళ్లతో మడుస్తోంది. ఎదురుగా మొహం పెట్టి మాట్లాడటం ఇద్దరికీ చేతకాకుండా పోయింది. దండలు మార్చుకోవడానికి ఆ అన్నలకు ఒక పూట చాలింది. ఆ బోర్డు పీకి నడివీధిలో తగలబెట్టాలన్నంత కోపం వచ్చింది నాకు.

కాసేపటికి చిన్నమ్మ కాఫీ పెడతానని వంటింట్లోకి పోయింది. చక్కెర డబ్బా దొరకక అలమారా ముందు వెతుకుతోంది. అమ్మ లేచి పోయి పక్కన నిలబడింది. ఇద్దరి ముందూ వరసగా డబ్బాలు.

“కాఫీపొడి ఇదేనా మ్మే? మంచిది కాదే ఇది” అని అమ్మ డబ్బాతో అంది.

“అదే చెప్తాండా కా, శెట్టి అంగడి పోయినాక ఒక్కటీ మంచిది దొరకదు” అని చిన్నమ్మ ఉప్పు సీసాతో అంది.

ఇక మాటలు ఆగలేదు. చిన్నాయన పోయిన రోజు నుంచి మొదలుపెట్టి చిన్నమ్మ చెబుతూనే ఉంది, అమ్మ డబ్బాల మూతలు తీసి పెడుతూ వింటూనే ఉంది. పొయ్యి మీద పాలు పొంగిపోయినా ఎవరూ చూడలేదు. కాసేపటికి అమ్మ అలమారాకు ఆనుకొని నిలబడటం చూసి, ముందుగదిలో కుర్చీలు రెండూ తెచ్చి వాళ్ల వెనక వేశాను. ఎదురెదురుగా కాదు. రెండూ డబ్బాల వైపు తిప్పి వేశాను.