మండలం ఫస్టు వచ్చిన బడి

పుష్పకుమారి టీచర్ గారిది విడవలూరు. నేను మొగలిదిబ్బ బడికి వెళ్లేనాటికి ఆమె అక్కడ చేరి ఆరేళ్లయింది. ఇసుకదిబ్బలు దాటితే సముద్రమే. బడికి రెండు గదులు, ఒక వరండా. ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లు. నాలుగు, ఐదు తరగతులు హెడ్మాస్టరు రవి కుమార్ గారు చూసుకుంటే, కింది మూడూ ఆమెవి. ఒక మూల ఒకటో తరగతి పిల్లలు అక్షరాలు అరుస్తుంటే, ఇంకో మూల మూడో తరగతికి తీసివేతలు చెప్పేవారు. ఆమె గొంతు ఎప్పుడూ బొంగురుగానే ఉండేది.

నా పేరు అబిగయీలు. చదవడంలో వెనకబడిన బడులకు ఒక స్వచ్ఛంద సంస్థ నాలాంటి వాళ్లను పంపేది. రోజూ రెండు గంటలు మూడో తరగతి పిల్లలను వరండాలో కూర్చోబెట్టుకుని చదివించడం నా పని. పంతొమ్మిది మందిలో పన్నెండు మందికి గుణింతాలు రావు. వాళ్లలో నజ్మా ఒకతి. బొమ్మ చూపిస్తే చాలు, దాని మీద కథ అల్లేసేది. బొమ్మ కింద రాసినది చదవమంటే మాత్రం తల వంచుకునేది.

ఆ ఏడు ఫిబ్రవరిలో సర్వే పరీక్ష వచ్చింది. పిల్లలు జవాబు చెబుతుంటే, టీచరు షీటు మీద దానికి సరిపోయే సున్నాను పెన్నుతో నింపాలి. అంతకుముందు ఏడాది మా బడిది మండలంలో ఆఖరి స్థానం. పరీక్ష రోజు వరండా ఖాళీగా ఉండాలన్నారు, నేను వెళ్లలేదు. ఆ రోజు జరిగింది చాలాకాలం తర్వాత టీచర్ గారే నాకు చెప్పారు.

"ఈసారి కూడా ఆఖరైతే బడి మూసేస్తారేమో మేడం. పిల్లలు పక్కూరికి ఎట్టా పోతారు? మీరే ఆలోచించండి," అన్నారట రవి కుమార్ గారు. ఆమె ఆలోచించారు. పిల్లలు ఏం చెప్పినా సరైన సున్నానే నింపారు. అందరివీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని, ఒక్కొక్కరికీ రెండు మూడు తప్పులు కూడా కావాలనే పెట్టారు.

"మంచి జవాబులు నింపేటప్పుడు ఏమీ అనిపించలేదు అబిగయీలూ. ఆ తప్పులు ఎవరికి ఎన్ని పెట్టాలా అని లెక్క చూసుకుంటున్నప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది," అన్నారు.

బడి మండలం ఫస్టు వచ్చింది. ఇద్దరు టీచర్లకూ శాలువాలు కప్పారు. తరగతిలో అందరికన్నా ఎక్కువ మార్కులు నజ్మావి. బడి గోడకు కట్టిన ఫ్లెక్సీలో ఆ పిల్ల ఫోటో వేశారు. ఇంత బాగా చదివే పిల్లలకు ఇంకో మనిషి ఎందుకని మా సంస్థ నన్ను వేరే బడికి మార్చింది. వెళ్లేరోజు టీచర్ గారు నా చేయి పట్టుకుని సాగనంపారు. మార్కులు చూసి నేనూ ఆశ్చర్యపోయాను. కానీ నేను చెప్పిన చదువే పనిచేసిందనుకుని లోలోపల సంతోషపడ్డాను. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

వేసవిలో, నజ్మా జేజి అని పిలిచే వాళ్ల నాయనమ్మ లాల్‌బీకి కంటి ఆపరేషన్ అయింది. శుక్లం తీశారు. కొడుకు, కోడలు తెల్లారకముందే రొయ్యల షెడ్డుకు పోతారు, వాళ్లకు చదువు లేదు. ఆసుపత్రి వాళ్లు జాగ్రత్తలన్నీ ఒక చీటీ మీద తెలుగులో రాసిచ్చారు. ఇంట్లో మండలం ఫస్టు వచ్చిన పిల్ల ఉండగా ఇంకొకరిని అడగడం దేనికని లాల్‌బీ ఆ చీటీ మనవరాలి చేతిలో పెట్టింది.

వారం తర్వాత కన్ను ఎర్రబడింది. నొప్పి మొదలైంది. "దీని గురించి ఏమన్నా రాసినారా చూడు బిడ్డా," అంది లాల్‌బీ. నజ్మా చీటీ వైపు చాలాసేపు చూసి, "నాలుగు రోజుల్లో అదే తగ్గిపోతదంట," అని చెప్పింది.

చీటీలో ఆ మాటే లేదు. ఎరుపు గానీ నొప్పి గానీ వస్తే ఆ రోజే ఆసుపత్రికి రావాలని ఉంది. లాల్‌బీ ఆరు రోజులు ఓర్చుకుంది. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి కన్ను లోపల చీము పట్టింది. ఆ కన్ను ఇక కనపడదన్నారు.

జూన్‌లో బడి తెరిచారు. నజ్మా రాలేదు. రెండు వారాలు చూసి టీచర్ గారు వాళ్లింటికి వెళ్లారు. పిల్ల ఇంటి వెనక వలల కుప్ప పక్కన కూర్చుని ఉంది. ఎంత పిలిచినా లేవలేదు. ఆమె వెళ్లి పక్కనే కూర్చున్నారు.

"బడికి ఎందుకు రాలేదమ్మా?"

"నాకు చదవను రాదు టీచర్."

"వస్తుంది. నేర్చుకుంటావు."

"ఫస్టొచ్చిన పిల్లవి గదా చదువు అనింది జేజి. రాదని చెప్తే అబద్ధం అనుకుంటాదని ఊరికే చెప్పినా." పిల్ల ఏడవలేదు. "జేజి కన్ను నేనే పోగొట్టినా."

టీచర్ గారు అక్కడి నుంచి లేచి నేరుగా ఇంట్లోకి వెళ్లారు. మంచం మీద కూర్చున్న లాల్‌బీ ముందు నిలబడి, పరీక్ష రోజు తాను చేసింది మొత్తం చెప్పారు. నజ్మాకు చదవడం రాదని, ఆ మార్కులు తాను వేసినవేనని చెప్పారు.

లాల్‌బీ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు గదా టీచరమ్మా?"

"తెలిసేది కాదు."

"మరి ఎందుకు చెప్పినావు?"

"తప్పు తనదేనని పిల్ల అనుకుంటా ఉండాది. తనది కాదు, నాది."

లాల్‌బీ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "నువ్వు ఇంటికి పో అమ్మా. నాకిప్పుడు మాటలు రావు," అంది. ఆమె బయటికి వస్తుంటే వెనక నుంచి, "నజ్మా, ఇట్రా బిడ్డా," అని పిలవడం వినిపించింది.

ఆ ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం తన దగ్గరికి వచ్చినప్పుడు, తప్పు సరిదిద్దుకోకుండా వాటిని ముట్టకూడదని టీచర్ గారు పక్కవాళ్లకు అందించారు. సోమవారం ఒక ఉత్తరం రాసి మండల విద్యాశాఖాధికారికి ఇచ్చారు. అంతకుముందే దాన్ని రవి కుమార్ గారికి చూపించారు.

"నా పేరు రాయలేదే?" అన్నారాయన.

"నింపింది నేను సార్."

"మేడం, ఇప్పుడు ఇది చెప్తే ఆ ముసలామెకు చూపొస్తుందా?"

"రాదు సార్," అని ఆమె ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకున్నారు.

విచారణ జరిగింది. బడి మార్కులు రద్దు చేశారు. ఆమెకు చార్జి మెమో వచ్చింది, మూడు నెలలు సస్పెన్షన్. మొగలిదిబ్బ పాళెంలో కొందరు తమ పిల్లల పరువు తీసిందన్నారు. మండలం మీటింగుల్లో ఆమె పక్క కుర్చీలో ఎవరూ కూర్చునేవారు కాదు. మార్కులు పోవడంతో బడి పేరు మళ్లీ వెనకబడిన వాటిలో చేరింది. అలా నన్ను తిరిగి అక్కడికే పంపారు. అప్పుడే ఈ సంగతులన్నీ తెలిశాయి. ఆమె బడికి తిరిగి వచ్చాక మొదటి నాలుగు రోజులు కోపంతో నేనూ ఆమెతో మాట్లాడలేదు.

సస్పెన్షన్ అయ్యాక ఆమెను మళ్లీ మొగలిదిబ్బకే వేశారు. సాయంత్రం బడి వదిలాక నజ్మాను, ఇంకో ఏడుగురిని గంటసేపు ఉంచుకుని చదివించేవారు. లాల్‌బీ ఆమెతో మాట్లాడలేదు. దారిలో ఎదురైనా తల తిప్పుకుని పోయేది. అయినా ఒక్క సాయంత్రం కూడా నజ్మాను మాన్పించలేదు. క్రిస్మస్ నాటికి ఆ పిల్ల రెండక్షరాల మాటలు కూడబలుక్కుంటూ చదివింది, వేసవి వచ్చేసరికి చిన్న పేరా చదివింది.

ఆ వేసవికి ముందు, ఫిబ్రవరిలో జరిగిన పరీక్షలో మండలంలోని ముప్పై ఏడు బడుల్లో మా బడికి ముప్పై ఒకటో స్థానం వచ్చింది. ఆ నెల తల్లిదండ్రుల మీటింగులో ఆమె మార్కుల కాగితం చేతిలో పట్టుకుని ఒక్కొక్కరికీ విడిగా చెప్పారు. మీ వాడు చదువుతున్నాడు, మీ పిల్లకు లెక్కలు వచ్చాయి, మీ వాడికి ఇంకా ఒత్తులు రావడం లేదు. ఒకామె లేచింది.

"మూడేళ్లు మీ దగ్గరే చదివినాడు. ఇంకా రాకపోతే ఎవురి తప్పు టీచర్?"

"వాడిది మాత్రం కాదమ్మా," అన్నారు పుష్పకుమారి గారు. "రేపటి నుంచి సాయంత్రం వాణ్ణి కూడా నా దగ్గర ఉంచిపో."