చుక్క తర్వాతి అంకె

తిరుపతిలో ఒక ఆసుపత్రి రికార్డుల గదిలో చేరినప్పుడు నాకు పని నేర్పింది మా సీనియర్. అన్నా అని పిలిచేదాన్ని. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఆయనదీ మా ఊరు పాకాలే. పొద్దున ఒకే రైలెక్కేవాళ్లం, సాయంత్రం ఒకే రైల్లో తిరిగొచ్చేవాళ్లం. డిగ్రీలో కంప్యూటర్లు చదివింది నేను. చదవకుండానే వాటిని లొంగదీసుకున్నది ఆయన.

మా పని పాత డిశ్చార్జి కాగితాలతో. అవి కంప్యూటర్లోనే ఉన్నాయి గానీ గళ్లలో లేవు. టైపిస్టులు ఉత్తరం రాసినట్టు వాక్యాలుగా కొట్టిపెట్టారు. మనిషి ఎప్పుడు చేరిందీ, ఎందుకు చేరిందీ, రక్తపరీక్షలో ఏమొచ్చిందీ అంతా ఒకే పేరా. అందులోంచి కావలసిన అంకెను మాత్రం బయటికి తీయడానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాయాలి. ఫలానా మాట తర్వాత, మధ్యలో ఖాళీ ఉన్నా గీత ఉన్నా సరే, వచ్చే అంకెను పట్టుకోమని గుర్తులతో చెప్పడమన్నమాట. ఆ గుర్తుల వరసనే ప్యాటర్న్ అనేవాళ్లం. మొదట్లో ఆ గుర్తులు చూస్తే నాకు తల తిరిగేది. అన్న రైల్లో టికెట్టు వెనకాల రాసి చూపించేవాడు.

"ముందు కాగితాలు సదవల్ల మా. మనుషులు ఒకే మాటను ఎన్ని రకాలుగా రాస్తారో తెలీకుండా ప్యాటర్న్ రాయగూడదు" అనేవాడు.

రెండో ఏడు ఆయన రాయడం మానేశాడు. షుగరు వల్ల చూపు పోతూ వచ్చింది. తెర మీద అక్షరాలు పెద్దవి చేసుకున్నాడు. తర్వాత ముక్కు తెరకు ఆనించి చూసేవాడు. చివరికి ఆయన చెబుతుంటే నేను కొట్టడం మొదలుపెట్టాను. బ్రాకెట్టు, చుక్క, ప్లస్సు అంటూ ఒక్కటి కూడా తడబడకుండా చెప్పేవాడు. ఆఫీసులో ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదు.

అప్పుడే కిడ్నీ డాక్టరు ఒక జాబితా అడిగారు. పాత కాగితాల్లో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒకటిన్నర దాటినవాళ్లందరినీ మళ్లీ పిలిపించి పరీక్ష చేయాలని ఆయన ఆలోచన. అన్న ప్యాటర్న్ చెప్పాడు, నేను కొట్టాను. మర్నాడు ఆయన కంటికి సూది వేయించుకోవడానికి సెలవు పెట్టాడు. నేనొక్కదాన్నే దాన్ని నడిపితే జాబితాలో అంకెలు రెండు నిలువు వరుసల్లో వచ్చాయి. ఒకదాంట్లో పూర్తి అంకె, పక్కదాంట్లో చుక్కా దాని తర్వాతి అంకే. రెండోది అనవసరమనిపించింది. అది ఏ బ్రాకెట్టు వల్ల వస్తోందో చూసి, ఆ ముక్క మొత్తం తీసేశాను. ఒకే వరుస శుభ్రంగా వచ్చింది. పైనున్న నాలుగు పేర్లు చూసి డాక్టరుకు పంపేశాను.

నేను తీసేసిన ముక్కతో పాటు మొదటి వరుసలోనూ చుక్క తర్వాతిది పోయింది. ఒకటీ పాయింటు తొమ్మిది ఉన్నవాళ్లు ఒకటి అయ్యారు. ఒకటిన్నర దాటలేదు గనక వాళ్లెవరికీ పిలుపు పోలేదు.

కొన్ని నెలల తర్వాత నగరి దగ్గర మరమగ్గం నడిపే ఒకామె కాళ్లు, మొహం వాచి వచ్చింది. డాక్టరు పాత కాగితం తెరిస్తే ఒకటీ పాయింటు తొమ్మిది ఉంది. జాబితాలో ఆమె పేరు లేదు. మా ఇన్‌చార్జి ఇద్దర్నీ పిలిచాడు. అన్న కళ్ల సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది. చూపులేని మనిషిని ఇలాంటి పనికి పెట్టుకోవడం తనదే బుద్ధి తక్కువ అన్నాడు. అన్న మొహం నా వైపు తిప్పాడు. నేనెక్కడ నిలబడ్డానో ఆయనకు సరిగ్గా కనబడలేదు, కొంచెం పక్కకు చూస్తున్నాడు.

"తప్పు నాదే సార్" అన్నాడు.

నేను నేలకేసి చూస్తూ నిలబడ్డాను. ఆ వారమే ఆయన ఉద్యోగం మానేశాడు.

ఆయన ఇల్లు స్టేషను దారిలోనే. నేను రైలు మానేసి బస్సులో తిరగడం మొదలుపెట్టాను. నగరి ఆమె వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు వచ్చేది. వరండాలో కనబడితే వేరే దారిన పోయేదాన్ని. ఒకరోజు ఆమె ఫైలు మూసివేయడానికి నా బల్ల మీదికొచ్చింది. చివరి కాగితంలో చనిపోయిన వేళ రాసుంది.

ఆ సాయంత్రం అన్న ఇంటికి పోయాను. వదిన ఇద్దరికీ కాఫీ ఇచ్చి లోపలికెళ్లింది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు, గొంతును బట్టి నన్ను గుర్తుపట్టాడు.

"అన్నా, ఆ ముక్క తీసేసింది నేను" అన్నాను.

"తెల్సు మా. నేను సెప్పిన దాంట్లో సుక్క ఉండాది గదా."

మరి ఆ పొద్దు ఎందుకు చెప్పలేదని అడిగాను. తనకెలాగూ ఆ పని ఇక కుదరదనీ, నేను కొత్తగా చేరినదాన్ననీ అన్నాడు. "నువ్వే సెప్తావని సూసినాను. తర్వాతన్నా ఇంటికి వస్తావనుకుంటి" అన్నాడు. కోపంగా అనలేదు. ఆ నగరి ఆమె ఎట్లుందని అడిగాడు. పోయిందని చెప్పాను. ఆయన చేతిలో గ్లాసు కింద పెట్టడానికి నేల కోసం తడుముకున్నాడు. నేను అందుకున్నాను.

మర్నాడు డాక్టరుకు అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. సరిచేసి మళ్లీ జాబితా తీయమన్నారు. తీశాను. అన్నను వెనక్కి పిలవమని ఇన్‌చార్జిని అడిగితే, ఆ చోట్లోకి వేరే మనిషి వచ్చేశాడన్నాడు. కొత్త జాబితాలో ఉన్నవాళ్లకు ఫోన్లు నేనే చేస్తానన్నాను. కొన్ని నంబర్లు పనిచేయలేదు. కొందరు వస్తామన్నారు. కుప్పం వైపు ఒక ఇంట్లో జాబితాలోని మనిషి భార్య ఫోను ఎత్తింది. విషయం చెబితే ఆమె ఓపిగ్గా విన్నది.

"ఆయన పోయి ఏడాదయింది మా" అన్నది. "అప్పుడెందుకు సెయ్యలేదు ఫోను?"

తప్పు నాదేనని చెప్పాను. ఆమె ఆయన పేరు జాబితాలోంచి కొట్టేయమని చెప్పి ఫోను పెట్టేసింది.