నాలుగు రూపాయల పందెం, నలభై రూపాయల మూట

మోత్కూరు నుంచి ఆత్మకూరు వైపు జాతరకు పోయేవారు పొద్దున అయిదు గంటల బస్సే పట్టుకోవాలి. అది తప్పితే భువనగిరిలో రైలు అందదు. రైలు అందకపోతే పన్నెండింటి బస్సు తప్పి ఆ రోజంతా పట్నంలోనే గడిచిపోతుంది. నేనూ మా తమ్ముడు శాయిలూ నాలుగింటికే వచ్చి బస్సు ఆగే చోట నేల మీద కూర్చున్నాం. అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్త అది. కండక్టరు ఇచ్చిన చిల్లరను శాయిలు మూడుసార్లు లెక్కపెట్టాడు.

ఎందుకు బయలుదేరానో చెబుతాను. ఆ ఎండాకాలం నా రెండెడ్లలో ఒకటి చచ్చిపోయింది. రెండోది కూడా మేత ముట్టకుండా పడుకుంటే, ఆ జాతర దేవునికి మొక్కి ఇరవై రూపాయలు పసుపుగుడ్డలో ముడుపు కట్టాను. అది లేచింది. కాని ఒంటెద్దుతో నాగలి నడవదు కదా. మా మరిది నలుగురు వినేటట్టే అన్నాడు: “వదినె, మిరుగం వానల నాటికి నువ్వు జోడు కట్టకుంటే నీ చెల్క నేనే దున్నుకుంట. బీడు వెట్టుడెందుకు?” ఆయన ఒక్కసారి దున్నితే ఆ చెల్క మళ్లీ నాది కాదు. మా ఆయన పోయినప్పటి నుంచి ఆయన కన్ను దాని మీదే ఉంది.

జాతరలో ఒక ఎద్దు వంద రూపాయలు. దారి ఖర్చులు పోను ఇంట్లో ఉన్నది, ముడుపుతో సహా, అరవై. తిరుగు ఖర్చులకని పదిహేను రూపాయలు శాయిలు రుమాలులో వేరే కట్టాను. ఈ దారిన పోయేవారు ఈ పని మాత్రం తప్పక చేయండి.

తక్కువైన నలభై కోసం నేను నమ్ముకున్నది పేకముక్కలను. మా ఆయన సికింద్రాబాదు దండులో గుర్రాలకు మేత వేసే పనిలో ఉండి ఇరవైఒక్కటి ఆట నేర్చుకున్నాడు. ముక్కల మీది చుక్కలన్నీ కలిపి ఇరవైఒకటికి దగ్గరగా రావాలి, దాటితే పోయినట్టే. ఆడడానికి ఎవరూ దొరకని రోజు నాతో ఆడేవాడు. నాకు అక్షరాలు రావు గాని చుక్కలు లెక్కపెట్టడం వచ్చు. రెండు నుంచి ఆరు దాకా చిన్న ముక్క పడితే ఒక చింతగింజను ఎడమ చేతిలో నుంచి కుడి చేతికి మార్చాలి. పది, బొమ్మ, ఆసు పడితే ఒకటి వెనక్కి తేవాలి. కుడి చేయి బరువెక్కిందంటే కట్టలో పెద్ద ముక్కలు మిగిలాయని అర్థం. పందెం పెంచవలసింది అప్పుడే.

ఎంత పెంచాలో కూడా ఆయనే చెప్పాడు. ఉన్న డబ్బును అరవై పాళ్లు చేసి ఒక్క పాలు పెట్టాలి, గింజలు బాగా పెరిగితే నాలుగు పాళ్లు. అంతకు మించితే తెలివి ఉన్నవాడు కూడా మునుగుతాడనేవాడు. తెలివి నిదానంగా పని చేస్తుందట, మూట త్వరగా ఖాళీ అవుతుందట. తాను ఒక్కనాడూ అట్లా ఆడలేదు.

ఏడింటికి భువనగిరి. రైలులో మూడో తరగతి పెట్టెలో నిలబడడానికే జాగా దొరికింది. కోళ్ల గంప పెట్టుకున్న ఒక ఆమె గంపను పక్కకు జరిపి నన్ను కూర్చోబెట్టుకుంది. ఎక్కడికంటే జాతరకన్నాను. “మొక్కా, బేరమా?” అని అడిగింది. రెండూ అన్నాను. పట్నంలో దిగి, కట్టుకొచ్చిన జొన్నరొట్టె తిని, పన్నెండింటికి కర్నూలు రోడ్డు బస్సు ఎక్కాం. జడ్చర్ల దాటిన తరువాత చక్రం గాలి పోయి గంటసేపు ఎండలో నిలబడ్డాం. కొత్తకోటలో దిగేసరికి ఆరయింది. సత్రం అరుగు మీద మనిషికి పావలా తీసుకుని చాప ఇచ్చారు. నడుము నొప్పికి నాకు కన్ను మూతపడలేదు.

తెల్లవారి ఆత్మకూరు బస్సు ఎక్కి తొమ్మిదింటికల్లా జాతరలో ఉన్నాం. ముడుపు ముందే చెల్లిస్తే సరిపోయేది. గుడి ముందు వరుస పొడుగ్గా ఉంది, సాయంత్రం చెల్లిద్దాంలే అనుకున్నాను. ఎడ్ల బజారు వెనక తాటాకు పందిరి కింద ముక్కల చాప ఉంది. చాప యజమాని దండులో మా ఆయనకు తోటివాడేనట, వయసులో చాలా చిన్న, నన్ను ఎరగడు. ఇతను కట్ట పూర్తిగా అయిపోయేదాకా ముక్కలు కలపడని మా ఆయన చెబుతుండేవాడు. మా వైపు ఆడించేవాళ్లు ప్రతి ఆటకూ కలుపుతారు, అక్కడ గింజల లెక్క పనికిరాదు.

ఆడది చాప మీద కూర్చోదు. శాయిలు కూర్చున్నాడు. నేను వాడి వెనక కూర్చుని ఒక వేలితో పొడిస్తే ఒక రూపాయి, అరచేయి ఆనిస్తే నాలుగు. వేయించిన చింతగింజలు చేతుల్లో మారుతుంటే యజమాని నవ్వాడు.

“పెద్దమ్మా, గింజలు తింటున్నవా, లెక్కవెడుతున్నవా?”

“పండ్లు కదులుతున్నయి బిడ్డా. జర మెత్తవడనీ.”

పక్కనున్నవాళ్లు కూడా నవ్వారు. తరువాత నన్నెవరూ పట్టించుకోలేదు.

మధ్యాహ్నం వేళకు నాలుగు రూపాయలు పైకి వచ్చాం. బీడీ ముట్టించుకుని వచ్చిన శాయిలు అప్పుడే ఎద్దు రంగు గురించి మాట్లాడుతున్నాడు. ఆ తరువాత ముక్క తిరగబడింది. లెక్క తప్పలేదు. కుడి చేయి బరువెక్కినప్పుడే అరచేయి ఆనించాను. అయినా పోయింది. పెద్ద ముక్కలు రావాలి, వచ్చాయి, కాని యజమానికి వచ్చాయి. అట్లాంటివి నాలుగు ఓటములు వరుసగా వచ్చి పదహారు రూపాయలు పోయాయి. అప్పుడు రవికెలోని మూట తడిమితే పసుపుగుడ్డ ముడి తగిలింది.

అక్కడే తెలిసింది నేను చేసిన తప్పు. అరవై పాళ్లు అన్నాను, పాలుకు రూపాయి అన్నాను. అందులో ఇరవై దేవునివి. ఆడడానికి నా దగ్గర ఉన్నది నలభై. నలభైని అరవై పాళ్లు చేస్తే పాలు రూపాయి కాదు, పదణాల పైన కొంచెం. అట్లా పెట్టుకుంటే ఈ చెడ్డ వరుసను దాటి ఇంకా కూర్చునేవాళ్లం. ఇంట్లో లెక్కపెట్టినప్పుడు ముడుపును పైసలుగానే చూశాను. చాప దగ్గర నా చేయి దాన్ని పైసలుగా చూడలేదు.

పొద్దు వాలేసరికి మూడు రూపాయలు మిగిలాయి. అప్పుడొచ్చింది ఆ రోజంతటికీ మంచి కట్ట. చిన్న ముక్కలన్నీ పడిపోయి, ఎడమ చేతిలో గింజే లేదు. వేలితో మూడు సార్లు పొడిచాను. శాయిలు వెనక్కి తిరిగాడు.

“ముడుపు ఇప్పక్కా. గెలిచినంక మళ్ల కట్టొచ్చు.”

“ఊహూ, ఇప్ప.”

“దేవుడు చూస్తుండా?”

“ఎద్దు లేసింది నువ్వు చూసినవు కదరా.”

మూడే పెట్టాడు. ఒక ఆసు, ఒక రాజు వచ్చాయి; పదకొండూ పదీ, సరిగ్గా ఇరవైఒకటి. గెలిచాం, మూడు ఆరైంది. యజమాని చాప చుట్టేశాడు.

గుడిలో ముడుపు చెల్లించేటప్పుడు నాకు ఏడుపూ రాలేదు, భక్తీ రాలేదు. కాళ్లు మాత్రం లాగాయి.

మరునాడు పది గంటలకు కొత్తకోటలో పట్నం బస్సు ఎక్కాం. పక్క సీటు ముసలాయన ఎద్దు కొన్నారా అని అడిగితే, ధర కుదరలేదని శాయిలు అన్నాడు. షాద్‌నగర్ దాటాం. ఆ జాతర చూడదగినదే, నీళ్లకు కొరత లేదు, ఎడ్లు మంచివి. ముక్కలు ఆడాలనుకునేవాళ్లు మాత్రం ఇల్లు వదలకముందే చూసుకోండి, మూటలో మీ చేయి ఇప్పగలిగింది ఎంతో.

చివరికి శాయిలే అడిగాడు, మరిదికి ఏం చెబుతావని.

“సగం పాలుకు దున్నుమంట” అన్నాను. “ఆయన నలుగురిట్ల అన్నడు, నేను పదిమందిట్ల అడుగుత. ఇంటికి పోయి కాదు, చావడి కాడ.”

“సగం పంట పోతదక్క.”

“పోతది. పాలుకిచ్చిన చెల్క ఎవ్వరిదో పదిమందికి ఎరుకుంటది.”

కిటికీ చువ్వకు తల ఆనించుకున్నాను. పట్నం వచ్చిందని కండక్టరు లేపేదాకా నాకు తెలివి రాలేదు.