దుప్పులు ముట్టని గన్నేరు

పట్టిసీమకు ఎగువన, కొండ దిగువ ఊళ్ళో మేము కిరాణా కొట్టు నడుపుకునే రోజులవి. ఎండాకాలం కొండమీద నీళ్ళు అడుగంటితే దుప్పులు తెల్లవారుజామున గోదావరికి దిగేవి. దారిలో మా పెరటి మందారాలు మొగ్గలతో సహా కొరికేసేవి. ముళ్ళున్నాయి కదా అనుకున్న గులాబీనీ వదల్లేదు. పూజకు పూలు కొనడం నాకు చేతకాని పని. అందుకని దుప్పులు వాసన చూసి వదిలేసే మొక్కలేవో కనిపెట్టి అవే వేశాను. బంతి, నందివర్ధనం, కంచె పొడవునా గన్నేరు. గన్నేరు కొమ్మలు శివాలయం దగ్గర ఊరికే దొరికాయి.

"మనుషులకే కాదు, దుప్పులకీ పెట్టవన్నమాట," అని మా ఆయన నవ్వారు.

రెండేళ్ళకు గన్నేరు గుబురెక్కితే నరికి, వంటచెరకుకు పనికొస్తుందని కంచె అవతల ఎండేశాను. మా వాకిట్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. గన్నేరు విషమని నాకు తెలుసు. కానీ దుప్పి ముట్టనిది మేక మాత్రం ముడుతుందా అనుకున్నాను.

ఆ కంచె అవతలే, గోదావరిలో చేపలు పట్టుకునేవాళ్ళ పాక. ఆ ఇల్లాలికి పాలు పడక, నెలల పసిపిల్లకు మేకపాలే పట్టేది. మూడో రోజు ఆ మేక నురగలు కక్కుకుని చచ్చిపోయింది. పచ్చిగా ఉన్నప్పుడు చేదని వదిలేసిన ఆకును వాడిపోయాక తినేసినట్టుంది. నేను వెళ్ళేసరికి మూతికి ఇంకా ఒక ఆకు అంటుకునే ఉంది.

"ఏమయ్యుంటదండి అమ్మగారూ?" అంది ఆమె.

"పామేమోనే," అన్నాను. అంటూనే ఆ ఆకును కాలితో మట్టిలోకి తొక్కాను. ఇంటికొచ్చి కొమ్మలన్నీ లోపలికి లాగేశాను.

మర్నాడు ఆమె గ్లాసు పట్టుకుని వచ్చింది.

"మీరన్నదే నిజమండి. పొయ్యి వేద్దామని మా ఆయన పుట్టమన్ను తవ్వాడండి. అందులో పామే పగబట్టింది. పుట్టలో పోయడానికి కాసిని పాలు ఇప్పించండి. పసిదానికి కీడు తగలకుండా."

"మరి పిల్లకేం పడుతున్నావే?"

"గంజి తేటండి."

సగం గ్లాసు పాలు పోశాను. అలవాటుగా అందులోనూ నీళ్ళు కలిపాను. ఆమె గ్లాసును కళ్ళకద్దుకుని, "మీరు చల్లగా ఉండాలండి," అంది.

ఆ పాలు పుట్టలో వద్దే, పిల్లకు పట్టు అనాలి. అంటే ఎందుకని అడుగుతుంది. నేను పాలగిన్నె మీద మూత పెట్టేశాను. ఆమె తొణక్కుండా రెండు చేతులా గ్లాసు పట్టుకుని పుట్టవైపు నడిచింది.