బొగ్గుగ్యాసు లారీ దేవానందం మాస్టారు

దేవానందం మాస్టారు ఒకే ప్రశ్నకు ఇద్దరికి ఒకే జవాబు చెప్పగా గురజాలలో విన్నవాళ్ళు లేరు. ఊరంతా అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే. "బంగారంలాంటి పంతులుద్యోగం వదిలి లారీ ఎక్కావేంది?"

యుద్ధం రోజులవి. డ్రైవర్లంతా పటాలంలో చేరిపోయారు. స్టీరింగు పట్టుకోవడం వస్తే చాలు, పిలిచి పని ఇచ్చేవారు. మా మిషన్ బడిలో ఏళ్ళ తరబడి తెలుగు వ్యాకరణం చెప్పిన ఈయన ఉన్నట్టుండి రాజీనామా ఇచ్చి, నరసరావుపేట పోయి డ్రైవింగు నేర్చుకుని, ఊళ్ళో షావుకారు శివరామయ్య గారి లారీ మీద ఊళ్ళోకి దిగాడు.

కొట్టు బాబూరావు అడిగితే, "సుద్దముక్క పొడికి దగ్గొస్తందయ్యా" అన్నాడు.

"మరి ఈ బొగ్గు పొగకి?"

"ఇది వేడి పొగ. దగ్గుని కోస్తది."

చర్చి అయ్యగారు అడిగితే, "సువార్త చెప్పడానికి ఊరూరా తిరిగిన పౌలు గారు ఒకచోట కూర్చున్నారా అయ్యగారూ?" అన్నాడు. ఇడ్లీల పాపమ్మతో, "పది ఊళ్ళ ఇడ్లీలు తింటేగాని నీ ఇడ్లీ విలువ తెలియదే" అన్నాడు. ఆమె ఆ పూట చట్నీ రెండోసారి వేసింది. అదే బడిలో లెక్కలు చెప్పే నాతో మాత్రం, "ఒరేయ్ జీవరత్నం, పక్క గదిలో నీ ఎక్కాలు వినలేకరా" అన్నాడు. వారం రోజులు మాట్లాడలేదు నేను.

ఏ జవాబూ ఆగి చెప్పేవాడు కాదు. సగం మాట ఇక్కడ, సగం వీధి మలుపులో. పెట్రోలు దొరకని కాలం కనుక లారీకి బొగ్గుగ్యాసు పొయ్యి తగిలించారు. బొగ్గు పోసి, నిప్పంటించి, పొయ్యిలోకి గాలి కొట్టే గాలిమర చక్రం తిప్పితే అరగంటకు గ్యాసు పుట్టేది. ఆ అరగంట ఆయనకు నరకం. లారీ చుట్టూ తిరిగేవాడు, టైర్లను తన్నేవాడు, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచేవాడు. "ఒసే అవ్యయమా! నీలో మార్పే రాదా?" అని ఇంజన్ని తిట్టేవాడు.

ఒకరోజు మాచర్లకు ఉప్పు బస్తాలు వేసుకుని పోతుంటే నేనూ ఎక్కాను. మా బడి దయామణి టీచరమ్మ కూడా ఎక్కింది. భర్త పోయాక ఇద్దరు పిల్లల్నీ ఆ జీతం మీదే సాకుతోంది. రెంటచింతలలో బోర్డింగులో ఉన్న కూతుర్ని చూడటానికి బయలుదేరింది.

రెంటచింతల ఇంకా రాకముందే, చిన్న మిట్ట ఎక్కుతూ లారీ దగ్గి, ఊపిరి వదిలి, ఆగిపోయింది. మాస్టారు కిందికి దూకి గాలిమర తిప్పసాగాడు. దయామణమ్మ కూడా దిగి ఆయన ఎదురుగా నిలబడింది.

"మాస్టారూ, బడి ఎందుకు మానేశారు?"

"నీకు తెలియదా? నాకు కూర్చుంటే తిమ్మిర్లు..."

"లారీలో నిలబడి నడుపుతున్నారా?"

మాస్టారు ముఖం పొయ్యి వైపు తిప్పుకుని చక్రాన్ని ఇంకా గట్టిగా తిప్పాడు. ఆమె మాత్రం వదల్లేదు.

"మీరు మానేసిన ఏడు బడిలో ఒకర్ని తీసెయ్యాలన్నారు మిషన్ దొరగారు. చివర్న చేరింది నేను. మీరు దొరగారితో మాట్లాడతంటే తలుపు అవతలే ఉన్నా. 'ఆమెను తియ్యమాకండి, నేనే పోతా. ఈ సంగతి ఆమెకు తెలియగూడదు' అన్నారు."

"విన్నావా! మరి ఇన్నాళ్ళూ..."

"దణ్ణం పెడదామని ఎన్నిసార్లు వచ్చానో. మీరు నిలబడితేగా! ఇవాళ బండి చెడింది కాబట్టి దొరికారు."

ఒక్కొక్కరికి ఒక్కో కారణం ఎందుకు పంచిపెట్టాడో నాకప్పుడు అర్థమైంది. ఊరు అసలు కారణం దాకా పోకుండా అడ్డం వేసిన కంచె అది.

మాస్టారు మసి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "మొదట్లో ఏడుపొచ్చిందమ్మా. ఎక్కడ బడిగంట వినపడ్డా బ్రేకు తొక్కేవాణ్ణి. ఇప్పుడు మాత్రం ఒకచోట రెండు రోజులుంటే నిద్ర పట్టదు. నువ్వు బడి మానేసి ఆ కుర్చీ నాకిస్తానన్నా నేను రాను. దణ్ణాలేమీ వద్దు."

"పెట్టను. పక్కకు జరగండి" అని ఆమె కొంగు నడుముకు చుట్టి, చక్రం అందుకుని గిరగిరా తిప్పింది. ఇంజన్ తుమ్మింది, వణికింది, ఒక్కసారిగా అందుకుంది.

మాస్టారు ఒక్క గంతులో సీట్లో పడ్డాడు. "ఎక్కండి, ఎక్కండి! ఆగితే మళ్ళీ చస్తది!" అని కేకేస్తూనే బండిని కదిలించేశాడు.

దుమ్ములో లారీ ముందు, వెనక చెప్పులు చేత పట్టుకుని దయామణమ్మ, ఆమె వెనక పంచె ఎగగట్టి నేను. "మాస్టారూ, ఆగండీ!" అని ఆమె అరుస్తోంది. అరుస్తూనే, పరుగు ఆపకుండా, పగలబడి నవ్వుతోంది.