మూల కూర్చోబెట్టిన రక్తం

నెలసరి అయిపోయి వారం తిరగకముందే, భర్తతో కలిసిన మర్నాడు, మళ్లీ రక్తం కనిపించింది. మహారాష్ట్రలోని చంద్రపూర్ బజారులో మా బట్టల దుకాణం, దాని పైనే ఇల్లు. ముట్టయితే వెనక గదిలో చాప మీద కూర్చోవాలి. మావాళ్లు తెలుగు చదవడం మరిచిపోయారు గానీ ఆ చాపను మాత్రం మరవలేదు.

"మల్ల బయటున్నవా? దేవునికి దీపమెవలు పెట్టాలె?" అంది అత్తమ్మ.

కొన్ని నెలలు ఇదే వరస. అందరి బాధా దీపం గురించే. నా ఒంట్లో ఏమవుతోందని అడిగిన మనిషి లేడు.

చివరికి నేనే ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్లాను. గర్భసంచి ముఖద్వారం నుంచి తీసిన పాప్ స్మియర్‌లో తేడా, హెచ్‌పీవీ వైరస్ పాజిటివ్. భూతద్దంతో చూసే కాల్పోస్కోపీ, చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ అయ్యాక డాక్టరమ్మ, "ఘాబరూ నకా, భయపడకండి. క్యాన్సర్ కాదు, సీఐఎన్ త్రీ, అంటే దానికి ముందు దశ. వదిలేస్తే క్యాన్సర్ కావచ్చు" అంది.

ఇంట్లో పంచాయితీ మొదలైంది. "మైల కలిపింది, అందుకే గిట్లయింది" అని అత్తమ్మ తీర్పు. మా ఆయన నా మొహం మీదే సిగరెట్ పొగ వదులుతూ, "వైరస్ ఏడికెల్లి అంటిచ్చుకొచ్చినవ్?" అన్నాడు.

ఆ మహానుభావుణ్ణి డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టాను.

"ఈ వైరస్ శారీరక సంబంధంతో వస్తుంది. ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో ఎవరూ చెప్పలేరు, ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. చాలామందికి దానంతటదే పోతుంది, కొందరిలో ఉండిపోతుంది. చిన్న వయసులో పెళ్లి, ఎక్కువ కాన్పులు, సిగరెట్ పొగ రిస్క్ పెంచుతాయి. మీరు తాగుతారా?"

"కధీ కధీ, మేడమ్" అని గొణిగాడు. ఎప్పుడో ఒకసారట! జేబులో ప్యాకెట్ కనిపిస్తూనే ఉంది.

లీప్ అని, కరెంటు తీగతో ముఖద్వారం మీద చెడిన పొరను తీసేశారు. వారం తర్వాత ఇంట్లో ఉన్నట్టుండి రక్తం ధారగా పోయింది. నేను గోడ పట్టుకుని నిలబడితే అత్తమ్మ వేలు చూపించింది. "గా చాప మీద కూసో, ఇల్లంతా ముట్టుకోకు."

ఆ క్షణంలో నాకు పుట్టింది భయం కాదు, అసహ్యం. చాపను కాలితో పక్కకు నెట్టి ఆటో పిలిచాను. ఆసుపత్రిలో లోపల గాజుగుడ్డ ప్యాక్ పెట్టి రక్తం ఆపారు. "ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం మీదికొచ్చేది" అంది డాక్టరమ్మ.

ఇప్పుడు చెకప్‌లు నార్మల్‌గా వస్తున్నాయి. మా అమ్మాయికి హెచ్‌పీవీ టీకా వేయించాను. ముట్టయినా నేను గల్లా దగ్గరే కూర్చుంటాను. మా ఆయన మూతి ముడుచుకుంటాడు, ముడుచుకోనీ.

ఏమీ కనిపించకపోయినా ముప్పై దాటాక పరీక్ష చేయించుకోండి, చాలామందికి దీని లక్షణాలే ఉండవు. తేదీ కాని తేదీన రక్తం కనిపిస్తే మాత్రం మూల కూర్చోకండి, వెళ్లి ఓపీడీలో కూర్చోండి. దీపం సంగతంటారా, ఇప్పుడు అత్తమ్మే పెడుతోంది. చేతులేం అరిగిపోలేదు.