బొగ్గుబాయి పక్కన పిల్లల ఇల్లు

మొన్న మంచిర్యాలలో మనవరాలిని పగటిపూట పిల్లల్ని చూసుకునే బడిలో చేర్చడానికి కోడలి వెంట వెళ్లాను. వాళ్లిచ్చిన కాగితంలో పాప ఏం తింటుంది, ఎప్పుడు పడుకుంటుంది అన్నవాటి కింద ఇంకో ప్రశ్న ఉంది: ‘ఏడిస్తే ఎలా ఊరుకుంటుంది?’ కోడలు కలం పట్టుకుని ఆలోచిస్తుంటే నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. అరవై ఏళ్ల కింద ఆమె దగ్గర ముప్పై మంది పిల్లలుండేవాళ్లు. ఏ కాగితమూ ఉండేది కాదు.

ఆమె మా అమ్మకు అక్క. పిల్లల్లేరు. భర్త పోయాక బొగ్గుబాయి పక్కనున్న పిల్లల ఇంట్లో ఆయాగా చేరింది. రేకుల కప్పు, దూలానికి వరసగా చీర ఊయలలు, ముప్పై మందికి ఇద్దరు ఆయాలు. బొగ్గు ఎత్తే ఆడవాళ్లు పొద్దున్నే పిల్లల్ని దింపి వెళ్తే, మళ్లీ పని దిగాకే రావడం. పిల్లల పేర్లు ఆమెకు గుర్తుండేవి కావు. లక్షెట్టిపేట పిల్ల, మెట్‌పల్లి పోరడు అని తల్లుల ఊళ్లతో పిలిచేది. ఎక్కడినుంచి వచ్చారో తెలియని ఒకడు ‘రైలు పోరడు’ అయ్యాడు. బడి సెలవుల్లో నేనూ వెంట వెళ్లేదాన్ని. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆమె వాకిట్లో గుడ్డలు ఉతుకుతూనే, లోపలి ఏడుపు విని ఇది ఆకలి, ఇది చీమ కుట్టింది, ఇది ఉత్త మంకు అని చెప్పేది. ఎలా తెలుస్తుందో నాకు అంతుపట్టేది కాదు. పరీక్షించడానికి లోపలికి పరుగెత్తేదాన్ని. చీమ ఉండనే ఉండేది.

కోపం మాత్రం ఎక్కువ. ఎండాకాలం ఆ రేకుల కింద ఒకరు మొదలుపెడితే ముప్పై మందీ అందుకునేవాళ్లు. ఒకనాడు పెద్దమ్మ, ధర్మపురి అవతలి ఊరినుంచి కొత్తగా వచ్చిన ఒక చంటిపిల్ల తల్లి మీద విసుక్కుంది. “పొద్దంత ఒక్కతీరుగ ఏడుస్తది నీ బిడ్డ. గిట్లయితె నాతోని గాదు, ఇంటికాడనే ఉంచుకో.” ఇంటి దగ్గర చూసే దిక్కులేని ఆ మనిషి తల వంచుకుని వెళ్లిపోయింది.

మర్నాటినుంచి ఆ పిల్ల ఏడవలేదు. పెద్దమ్మ సంబరపడింది. మూడోనాడు మధ్యాహ్నం చేతిలోని గిన్నె ఉన్నట్టుండి కింద పెట్టి, “గా పిల్ల ఏడుస్తలేదేందే?” అంది. ఊయలలోంచి తీస్తే మెడ వాలిపోయింది. పెద్దమ్మ నోరు వాసన చూసి, “నల్లమందు పెట్టింది” అంది. పిల్లలు మత్తుగా పడుకోవాలని తల్లులు గింజంత నాకించే రోజులవి. నన్ను తల్లి కోసం పంపి, తను చెప్పుల్లేకుండా ఎండలో దవాఖానాకు పరుగెత్తింది.

నేను తల్లిని తీసుకుని వెళ్లేసరికి, డాక్టరు చెప్పినట్టు, పెద్దమ్మ పిల్ల అరికాళ్లు గిల్లుతూ, మొహాన నీళ్లు చల్లుతూ వరండాలో తిరుగుతోంది. తల్లి ఒంటినిండా బొగ్గు మసి. “ఏడిస్తె ఉంచుకోనంటివి గద అక్కా! నా పని బందయితె ఎట్ల బతుకుడు?” అంది. పెద్దమ్మ పిల్లను ఇంకో భుజానికి మార్చుకుని మళ్లీ అరికాళ్లు గిల్లింది. పొద్దు వాలుతుండగా పిల్ల పిల్లికూనలా సన్నగా ఏడ్చింది. తల్లికంటే ముందు పెద్దమ్మే కూలబడి బావురుమంది.

తెల్లారి తల్లులందరికీ చెప్పింది: “ఏడిస్తె ఏడ్వనీయుండ్రి, నేను మోస్త. మందు మాత్రం పెట్టకుండ్రి.” మధ్యాహ్నం ఒక్కసారి పాలివ్వడానికి తల్లుల్ని వదలమని మేస్త్రీని అడిగింది. రూలు లేదన్నాడు. ఆనాటినుంచి తోటి ఆయాకు మిగతావాళ్లను అప్పగించి, చంకకొక పిల్లను ఎత్తుకుని తనే బొగ్గు కుప్పల దగ్గరికి నడిచేది. ఇద్దరు తాగాక మరో ఇద్దరు. అతను కసిరితే, “పాలు నా దగ్గర లేవు సారూ, వాళ్ల దగ్గరున్నయి. ఎట్ల జేద్దామో నువ్వే చెప్పు” అంది. పది రోజులు చూశాడు. బొగ్గు దుమ్ములో చంటిపిల్లలు గని పెద్దదొర కంటపడితే తనకే మాటొస్తుందనుకున్నాడేమో, తల్లుల్నే పంపడం మొదలుపెట్టాడు. రూలు ఎప్పుడు పుట్టిందని ఎవరూ అడగలేదు.

ఏడాది తిరక్కముందే ఆ తల్లి వేరే బాయికి వెళ్లిపోయింది. పిల్ల ఏమైందో తెలియదు. ఉంటే అరవై దాటి ఉంటుంది. తనను ఒకామె పూటంతా భుజం మీంచి దించకుండా మోసిందని ఎవరైనా చెప్పారో లేదో. మనకు ఊహ తెలియకముందు గడిచిన కాలం మన దగ్గర ఉండదు. మనల్ని ఎత్తుకున్నవాళ్ల దగ్గర ఉంటుంది, వాళ్లు ఉన్నన్నాళ్లు.